బాయి మర్యాద

గోడకు నలుపు పూయడం ఎవరికైనా వస్తుంది. ఆ నలుపు బొగ్గులా కనిపించాలంటే మాత్రం నడుములు పడిపోతాయి. తిరుమల్‌కు వారం రోజులుగా అదే పని. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక, ఒకప్పుడు ఉల్లిగడ్డలు నిల్వచేసిన గోదాములో, ఇనుప చువ్వలకు జాలీ బిగించి, సిమెంటు మెత్తి, అది తడి ఆరకముందే అరచేత్తో, మోచేత్తో నొక్కి పెచ్చులు లేపాడు. ఆరాక నల్లరంగు కొట్టాడు. మీద అభ్రకం పొడి ఊదాడు. అభ్రకం అతని సొంత తెలివి. లైటు పడ్డప్పుడు గోడలో అక్కడక్కడ ఒక చిన్న మెరుపు మెరిసి పోతుంది. అంతా కుదిరింది గానీ ఉల్లిగడ్డ వాసన మాత్రం పోలేదు.

ఉత్తరాన ఎక్కడో మూతబడిన భూగర్భ గని ఒకటుంది. అక్కడివాళ్లు గనిని బాయి అంటారు. బొగ్గు అయిపోయింది, మనుషులు పైకొచ్చేశారు, సొరంగాలు మిగిలాయి. ఇప్పుడు జనం టిక్కెట్టు కొని అందులోకి దిగి చూస్తారట. లోపల గోడలకు పూత, దారి పొడుగునా లైట్లు, ఆ పని తిరుమల్ పనిచేసే హరికిషన్ కంపెనీకి వచ్చేలా ఉంది. వచ్చేలా ఉంది, ఇంకా రాలేదు. గని సంస్థ నుంచి రామ్మోహనరావు అనే పెద్ద అధికారి వచ్చి, ఈ గోదాములో కట్టిన సొరంగం ముక్కను చూసి సరేననాలి. ఆయన సరేనంటే తిరుమల్ అక్కడ సైటు ఇన్‌చార్జి. ఇన్నేళ్లూ అదుగో ఇదుగో అంటూ జారిపోయిన పదవి అది.

నమూనాలో ఎడమ గోడ నలుపు, కుడి గోడ తెలుపు. తెల్లగోడకు సున్నమే వేశాడు. గనిలో తెలుపేమిటని హరికిషన్ అడిగినప్పుడు "చదివిన సార్" అన్నాడు తిరుమల్. చదవలేదు. పిల్లనిచ్చిన మామ భద్రయ్య చెప్పగా విన్నాడు. చిన్న అబద్ధమే. అయినా అబద్ధం ఒకటి గొంతు దిగాక రెండోది నమలకుండానే దిగుతుంది.

హరికిషన్ సొరంగంలో ఆ చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"సెట్ మస్తుంది తిరుమల్. కానీ గిట్ల ఖాళీ సొరంగం చూపిస్తే ఏం మజా? లోపల ఒక మనిషి నిలబడాలె. అసలు లేబర్. బాయిల దిగి పనిచేసినోడు. వాని మొఖం మీద లైటు పడ్తే, సార్ ఫ్లాట్ అయిపోవాలె."

"చూస్తా సార్."

"మీ మామ ఆ దిక్కే గద? ఆఫీసుల చేసిండంటివి. ఆయన్ని అడుగు. లేబర్ ఎవరన్న ఎర్కుంటరు. మందు కొట్టి రాకుంట జెర చూడు, అంతే."

మా మామే లేబర్ సార్, అనే మాట తిరుమల్ నాలుక మీదికి వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. ఆఫీసులో చేశాడని తాను ఎప్పుడో, ఏదో మాటల్లో అన్నాడు. అది హరికిషన్ ఇంత గుర్తుపెట్టుకుంటాడని అనుకోలేదు.

"అడుగుత సార్" అన్నాడు.

ఆ సాయంత్రం బోయిగూడలో ఇంటికి వెళ్తూ, చార్జింగ్ నిలుస్తుందో లేదో చూద్దామని టోపీ దీపం ఒకటి వెంట తీసుకెళ్లాడు. నెత్తిన పెట్టుకునే గట్టి టోపీ, దాని నుదుట బిగించిన లైటు. రేపు టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ గని ముఖద్వారం దగ్గర ఒకటి ఇస్తారు.

భద్రయ్య మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. కూతురు నవతను చూసిపోదామని వచ్చిన మనిషి, వచ్చిన రోజు నుంచీ ఏదో ఒక పని వెతుక్కుంటూనే ఉన్నాడు. టోపీని చూడగానే చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, రెండు చేతులా అందుకున్నాడు.

"అబ్బ, అల్కగున్నదే! మా కాలంల బ్యాటరీ నడుముకు కట్టుకుంటె పైకొచ్చెదాక నడుం ఇర్గుతుండె" అని నెత్తిన పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా ముద్దుగా ఉన్నాడని నవత నవ్వింది. భద్రయ్య దీపం వెలిగించుకుని ఇల్లంతా ఒకసారి చూశాడు. గోడ మీద క్యాలెండరు, అల్మారా, కిటికీకి ఆరేసిన తువ్వాలు. కానీ నవతతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా తల వంచుతున్నాడు. వెలుగు ఆమె కాళ్ల మీద పడుతోంది. తిరుమల్ వైపు తిరిగినా అంతే, గడ్డం ఛాతీకి ఆనించి మాట్లాడుతున్నాడు.

"ఏంది నాయినా, కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గువడ్తున్నవు?" అంది నవత.

"సిగ్గు గాదు బిడ్డా. అది బాయి మర్యాద." భద్రయ్య దీపం ఆపి తల ఎత్తాడు. "చీకట్ల పనిచేసేటోని కండ్లల్ల లైటు కొడితె, ఇగ జెరసేపు ఆనికి ఏం కనవడది. గంతల నెత్తి మీదికెల్లి ఏదన్న వడ్తె? అందుకే ఎంత కోపమున్నా మనిషి మొఖం మీద కొట్టం. దించుకోని మాట్లాడ్తం. మా మీద పెత్తనం చేసె ఓవర్‌మన్‌ను తిట్టినా దించుకోనే తిడ్తుంటిమి."

నవత పడీపడీ నవ్వింది. తిరుమల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే అడగాల్సింది అడిగేశాడు.

"ఎల్లుండి మా గోదాముకు రావాలె మామా. పెద్దసార్లొస్తున్నరు."

"నేనా? నాతోని ఏం పని అల్లుడా?"

"ఊకెనే. చూసినట్టుంటది. బాయి తీర్గనే కట్టినం."

ఎందుకో చెప్పలేదు. చెబితే మామ రానంటాడనే భయం కాదు. చెబితే నవత వింటుంది.

భద్రయ్య మాత్రం తనకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాడు. అల్లుడు తన పెద్దసార్లకు మామను చూపించుకోబోతున్నాడు. మరునాడంతా ఆయన కాలు ఒకచోట నిలవలేదు. సందు మొదట్లో మంగలి దుకాణానికి పోయి, రెండుసార్లు నురగ పెట్టించుకుని నున్నగా గడ్డం గీయించుకొచ్చాడు. తెల్లచొక్కా తానే ఉతుక్కుని, ఇస్త్రీ మాత్రం నవత చేతికిచ్చాడు. "కాలరు జెర గట్టిగ రుద్దు బిడ్డా" అని పక్కన నిలబడి చెప్పాడు. రాత్రి అన్నాల దగ్గర "మీ సార్లు ఎట్లుంటరు అల్లుడా? నమస్తె అంటె సరిపోతదా, చెయ్యి కలపాల్నా?" అని అడిగాడు.

"నమస్తె అంటె చాలు మామా" అన్నాడు తిరుమల్. ముద్ద నోట్లో తిరుగుతూనే ఉంది, దిగలేదు.

అనుకున్న రోజు పొద్దున బండి వెనక కూర్చున్న భద్రయ్య దారంతా చొక్కా నలగకుండా నిటారుగానే ఉన్నాడు. మార్కెట్ దగ్గర టమాటా లారీలు అడ్డంపడితే, బురద చిందకుండా పంచె ఎత్తిపట్టుకున్నాడు. తిరుమల్ మనసులో ఒకటే లెక్క. గోదాము గేటు లోపలికి పోగానే మామను పక్కకు తీసుకెళ్లి, పని ఇది, జెర సర్దుకో అని చెప్పేయాలి. బోయిగూడలో ఆ మాట చెప్పలేని వాడు బోయిన్‌పల్లిలో ఎలా చెబుతాడో అతనికే తెలియాలి.

అంత అవకాశం కూడా రాలేదు. హరికిషన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఈయన్నేనా? ఎక్కడ దొర్కిండు?"

భద్రయ్య అప్పటికే రెండు చేతులూ జోడించాడు. ముఖం నిండా నవ్వు. అల్లుడి నోటి నుంచి రాబోయే మాట కోసం అటు చూశాడు.

"తెలిసినాయన సార్" అన్నాడు తిరుమల్.

అంతే. రెండు ముక్కల్లో అయిపోయింది. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి గానీ వాటి వెనక నవ్వు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి మర్యాదకు మిగిలినంతే మిగిలింది. భద్రయ్య చేతులు దించి, పంచె అంచు సవరించుకున్నాడు. తిరుమల్ తన బండి స్టాండు సరిగ్గా పడిందో లేదో వంగి చూసుకున్నాడు. అది సరిగ్గానే పడింది.

"ఏందీ, పెండ్లికొచ్చినట్టొచ్చిండు?" హరికిషన్ భద్రయ్య చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఈ తెల్ల అంగి, ఈ గడ్డం... తిరుమల్, గా ఖాకీ డ్రెస్సు ఎయ్యి. మొఖం బాగ నల్లగ చెయ్యి. సార్ వచ్చే టైమైంది."

సొరంగం వెనక తడికె చాటు ఉంది. అక్కడ భద్రయ్య ఇస్త్రీ చొక్కా విప్పి, మడత పోకుండా కుర్చీ వీపుకు వేశాడు. అద్దెకు తెచ్చిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు. దాని బొత్తాలు ఒకదానికొకటి పొత్తు లేవు. బూట్లు పెద్దవయ్యాయి. లేసులు గట్టిగా బిగించి కట్టుకున్నాడు.

తిరుమల్ గోడకు వాడిన నల్లపొడి గిన్నెలో పోసి కొబ్బరినూనెతో కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు. పొడి ఎప్పుడో కలిసిపోయింది.

"మామా, ఆ సార్‌కు..." అని మొదలుపెట్టాడు.

"కానియ్యి సార్. టైమైతున్నదన్నరు గద" అన్నాడు భద్రయ్య.

సార్. అల్లుడు ఇంటికొస్తే కాళ్లకు నీళ్లిచ్చి, పీట వాల్చి, తాను నిలబడే మాట్లాడిన మనిషి. అంత మర్యాద చేసినప్పుడు కూడా అల్లుడా అని పేగు కదిలేలా పిలిచేవాడు. ఇప్పుడు ఎగతాళికి అనలేదు, కోపంతోనూ అనలేదు. నువ్వు ఏ గీత గీశావో ఆ గీతకు అవతలే నిలబడతానని, నీ మాట దాటనని అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

భద్రయ్య కళ్లు మూసుకుని ముఖం ముందుకు పెట్టాడు. తిరుమల్ రెండు వేళ్లతో నలుపు తీసుకుని నుదుటి మీద పెట్టాడు. నున్నటి బుగ్గల మీద రాశాడు. మంగలి పూసిన స్నో వాసన ఇంకా పోలేదు. గదవ కింద, మెడ మీద. మామ ముఖాన్ని తాను ఎప్పుడూ తాకలేదని అప్పుడే తట్టింది. మొదటిసారి తాకింది ఇందుకు.

"చెవులెనక సుత పెట్టున్రి సార్" అన్నాడు భద్రయ్య కళ్లు తెరవకుండానే. "ఆడ ఉట్టిగుంటె ఏసమని తెలుస్తది."

తిరుమల్ చెవుల వెనక కూడా పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సిన మనిషే, కానీ పెట్టాడు.

రామ్మోహనరావు కారు దిగేసరికి గోదాములో బయటి లైట్లన్నీ ఆపేశారు. ఆయన సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. వెంట ఫొటోలు తీసే మనిషి ఒకడు. సొరంగంలోకి నాలుగడుగులు వేయగానే కర్రదిమ్మల వెనక దాచిన పసుప్పచ్చ లైట్లు ఒకదాని తరువాత ఒకటి వెలిగాయి. నల్లగోడలో అభ్రకం మెరిసింది.

"బాగుందండీ. నిజంగా కిందికి దిగినట్టే ఉంది" అన్నారాయన. తరువాత తెల్లగోడ మీద అరచెయ్యి వేసి చూశారు. "ఇది సున్నమా?"

"అవును సార్. మా తిరుమల్ మస్తు స్టడీ చేసిండు. పాత గనులల్ల మలుపుల కాడ సున్నం కొట్టేటోళ్లంట. నల్లగోడ వెలుగు మింగుతదంట, తెల్లగోడ తిరిగిస్తదంట." హరికిషన్ తిరుమల్ భుజం తట్టాడు.

మింగుతది, తిరిగిస్తది. అవి అన్నం కలుపుకుంటూ భద్రయ్య అన్న మాటలు. అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడు హరికిషన్ నోట్లోంచి వస్తున్నాయి. సొరంగం చివర, టోపీ పెట్టుకుని, భుజాన పార వేసుకుని నిలబడ్డ భద్రయ్య అవి విన్నాడు. నల్లటి ముఖంలో ఏమీ కదలలేదు. తిరుమల్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కుంగడానికి అక్కడున్నది ఉత్త గోదాము బండలు.

"ఈయన ఒరిజినల్ సార్. బాయిల చేసినోడు" అన్నాడు హరికిషన్. రామ్మోహనరావు నమస్కారం పెట్టారు. భద్రయ్య తల బాగా వంచి తిరిగి పెట్టాడు. వెలుగు ఆయన బూట్ల మీద పడింది.

"వచ్చేవాళ్లందరికీ ఈ టోపీలే ఇస్తాం కదా. వీటి వెలుగు ఎలా పడుతుందో చూపిస్తారా?" అని అడిగారు రామ్మోహనరావు.

"ఎందుకు చూపించం సార్! తిరుమల్, నువ్వు గీడ నిలవడు. ఓ పెద్దమనిషీ, లైటు ఈయన మొఖం మీద కొట్టు. ఫొటో మస్తొస్తది."

తిరుమల్ మధ్యలో నిలబడ్డాడు. భద్రయ్య అతని వైపు తిరిగాడు. తిరుగుతూనే గడ్డం ఛాతీకి ఆనించాడు. వెలుగు తిరుమల్ చొక్కా బొత్తాల మీద ఆగింది.

"పైకి, పైకి. తల ఎత్తు."

భద్రయ్య ఎత్తలేదు.

"సిగ్గువడ్తున్నడు సార్. లేబర్ గద, అలవాటుండదు" అని నవ్వాడు హరికిషన్. "ఎత్తవయ్యా!"

"మనిషి మొఖం మీద కొట్టం సార్" అన్నాడు భద్రయ్య నేలను చూస్తూనే.

సిగ్గెవరిదో, మర్యాదెవరిదో అక్కడున్న వాళ్లలో తిరుమల్ ఒక్కడికే తెలుసు. పొద్దున గేటు దగ్గర తాను ఈ మనిషి మొహాన కొట్టినంత దెబ్బ కొట్టి, ఇప్పుడు ఆయన వంచిన తల నీడలో హాయిగా నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. ఆ మాట ఇప్పటికీ నాలుక మీదే కూర్చుని ఉంది. చెబితే ఇన్‌చార్జి పదవి పోతుందేమో, పోనీ. పదవి కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. చెబితే ఆ ముఖానికి నలుపు పూసిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

"ఏ, నకరాలు చెయ్యకు. సార్‌కు టైము లేదు." హరికిషన్ రెండంగల్లో వెళ్లి, భద్రయ్య గదవ కింద చెయ్యి పెట్టి, తల పైకి ఎత్తాడు.

వెలుగు వచ్చి తిరుమల్ కళ్లలో కొట్టింది. ముందు తెల్లగా, తరువాత ఏమీ లేకుండా పోయింది. మామ కనబడలేదు. గోడలు కనబడలేదు. తన ముఖం మాత్రం అందరికీ కనబడుతోందని తెలుస్తోంది.

"చెయ్యి తియ్యిన్రి సార్" అన్నాడు తిరుమల్. "ఆయన మా మామ."

వెలుగు వెంటనే దిగిపోయింది. చేతిలోంచి గదవ విడిపించుకుని భద్రయ్య మళ్లీ తల వంచాడు.

తిరుమల్ కళ్ల ముందు పచ్చటి చుక్కలు ఈదుతున్నాయి. వాటి మధ్య హరికిషన్ తన నల్లబడ్డ వేళ్లను చూసుకోవడం కనిపించింది. ఫొటోల మనిషి కెమెరా దించాడు.

"మీ మామగారా?" రామ్మోహనరావు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయన గొంతు పెరగలేదు. "మరి... ఆయన ముఖానికి ఆ మసి పూసిందెవరు?"

చెప్పాలి. నేనే సార్. రెండే మాటలు. తిరుమల్ నోరు తెరిచాడు.

"నేనే పూసుకున్న సార్" అన్నాడు భద్రయ్య. "అల్లుడు వద్దనే అన్నడు. నేనే యినలే. ఎన్కటి లెక్క ఒక్కసారి ఉందామని మనసయింది."

చెప్పి, ఆ మాటల మీద ఇంకెవరూ ఏమీ అడగకుండా, తెల్లగోడ వైపు తిరిగి దీపం ఎత్తాడు. "గోడ మంచిగ కుదిరింది సార్. చూడున్రి." సున్నం మీద పడ్డ వెలుగు సొరంగమంతా పరుచుకుంది. రామ్మోహనరావు ముఖం, హరికిషన్ ముఖం, నోరు తెరిచి ఏమీ చెప్పలేకపోయిన తిరుమల్ ముఖం, అన్నీ నెమ్మదిగా బయటపడ్డాయి. ఎవరి కళ్లకూ కొట్టలేదు.

రామ్మోహనరావు వెళ్తూ వెళ్తూ భద్రయ్య దగ్గర ఆగి ఏ గనిలో చేశారో అడిగి తెలుసుకున్నారు. తెల్లగోడే ఉంచుదామన్నారు. హరికిషన్ ఆయన్ను కారు దాకా సాగనంపి వచ్చి, తిరుమల్ వైపు చూడకుండానే "రేపు ఆఫీసుకు రా, మాట్లాడుదాం" అని వెళ్లిపోయాడు. ఆ మాటకు అర్థం ఏదైనా కావచ్చు. తిరుమల్ దాన్ని గురించి ఆలోచించలేదు.

గోదాము వెనక కుళాయి దగ్గర మామను కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోశాడు. సబ్బు నురగ నల్లగా కాలువలోకి పోయింది. నూనె కలిపిన రంగు ఒకపట్టాన వదలలేదు. తువ్వాలు తడిపి తానే బుగ్గలు తుడిచాడు. భద్రయ్య పొద్దుటిలాగే కళ్లు మూసుకుని ముఖం ముందుకు పెట్టాడు.

"తప్పయింది మామా."

"నీళ్లు పొయ్యి. సబ్బు కండ్లల్ల వడ్తున్నది" అన్నాడు భద్రయ్య.

ఇస్త్రీ చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు. మడత పోలేదు.

బోయిగూడ ఇంటి గుమ్మంలో నవత ఎదురొచ్చింది. పొద్దుటి నుంచీ ఆమె ధ్యాస అంతా అక్కడే ఉన్నట్టుంది.

"ఏమాయె నాయినా? మంచిగ జూసుకున్నరా? సార్లు ఏమన్నరు?"

భద్రయ్య మంచం మీద కూర్చుని, చొక్కా కాలరు సర్దుకుని, కూతురిచ్చిన నీళ్లు సగం తాగాడు. ముఖం ఇంత చేసుకుని నవ్వాడు. అది మర్యాదకు మిగిల్చుకున్న నవ్వు కాదు, నిజమైన నవ్వే.

"ఇంకెట్ల జూసుకుంటరు బిడ్డా! అందరి ముంగట మామ అన్నడు" అన్నాడు.

నవత భర్త వైపు మురిపెంగా చూసింది. భద్రయ్య మిగతా నీళ్లు తాగడానికి తల వెనక్కి వాల్చాడు. చెవి వెనక నలుపు అలాగే ఉంది. నవత ఇంకా దాన్ని చూడలేదు. తిరుమల్ గుమ్మం దగ్గరే ఒంటికాలి మీద, సగం విప్పిన బూటు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆడ్నే నిలవడ్డవేంది? లోపటికి రా" అంది నవత.